పన్ను ఆగిన కొత్తగూడ జాగా

మార్చి 4
ఈ రోజు మా నేల లోపలికి చూశాను. మూడు సెల్లార్ల లోతు... కళ్లు తిరిగాయి. టీచరు జీతంతో కొన్న రెండు వందల గజాలు నావి. ఆ పక్కవి యాదమ్మవి. చుట్టుపక్కల వాళ్లతో కలిసి బిల్డర్‌కిచ్చాం. బదులుగా చెరి రెండు ఫ్లాట్లు.

గొయ్యి అంచున యాదమ్మ. మిషన్ ఏనుగంత బండను పైకి లేపుతోంది.
“పునాదికని మా ఆయన ఈ బండను నెల దినాలు కొట్టిండు టీచరమ్మా. గింత పెచ్చు లేసింది. అడుగున ఇంతున్నదని ఆయనకేం ఎరుక!”
ఆయన పోయి చాలా ఏళ్లు. ఆమె బండనే చూస్తోంది. నేను ఆమెను.

అక్టోబర్ 11
డైరీ తెరిచి ఏడాదిన్నర. తొమ్మిదో అంతస్తు దాకా స్లాబులు పడ్డాయి. ఫ్లాట్లు చేతికొచ్చేదాకా బిల్డర్ ఇవ్వాల్సిన కిరాయి మాత్రం మూడు నెలలుగా రావడం లేదు. యాదమ్మ గది ఖాళీ చేయాలట. మాదాపూర్ ఆఫీసులో హౌస్‌కీపింగ్ జీతం దేనికీ చాలదు. ఆమెకొచ్చే ఒక ఫ్లాట్ ఇప్పుడే కొంటానని ఎవరో ఆమె చుట్టూ తిరుగుతున్నాడు.
“అమ్ముకుంటే పరేషాన్ పోతది గదా?” అంది యాదమ్మ.

అక్టోబర్ 14
ఆడిటర్ దగ్గరికి ఇద్దరం. చిన్న పిల్ల, ఓపికగా చెప్పింది.
“జాగా ఇచ్చి ఫ్లాట్లు తీసుకున్నా అమ్మినట్టేనండి. లాభం మీద పన్ను ఉంటుంది. కాకపోతే మీ ఒప్పందం రిజిస్టరైంది కాబట్టి ఇప్పుడే అడగరు. బిల్డింగ్ పూర్తయిందని సర్టిఫికెట్ వచ్చిన ఏడాది కట్టాలి.”
“అప్పటిదాంక సర్కారు ఆగుతదా?”
“ఆగుతుందండి. పన్ను పోదు, ఆగుతుందంతే. ముందే అమ్మేస్తే మాత్రం ఆ ఏడాదే కట్టాలి.”
యాదమ్మ వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంది. తర్వాత, మెల్లగా—
“పంట ఇంటికొచ్చినంకనే శిస్తన్నట్టు.”
ఆడిటర్ రాయడం ఆపి తలెత్తింది. ఇన్నేళ్లు పాఠాలు చెప్పాను. ఇంత చిన్న మాటలో ఏ పాఠమూ చెప్పలేదు.

అక్టోబర్ 15
నిజాంపేటలో నేనుండే ఇంట్లో ముందు గది ఖాళీనే. నేనొక్కదాన్నే. యాదమ్మను వచ్చి ఉండమన్నాను.
“కిరాయెంత?”
“ఏమీ వద్దు.”
“గట్లయితే రాను.”
చివరికి రేటు కూడా ఆమే చెప్పింది. తలూపాను.

అక్టోబర్ 19
వచ్చింది. ఒక ట్రంకుపెట్టె, రెండు బిందెలు. కొనేవాడికి నా ముందే ఫోన్ చేసింది. “ఇప్పుడియ్య. బిల్డింగ్ పనైనంక అడుగు.” పెట్టేశాక ఫోన్‌ను కొంగుతో తుడిచి ట్రంకుపెట్టె మీద పెట్టింది.

డిసెంబర్ 2
కిరాయి ఇంకా రాలేదు. బిల్డర్ ఫోన్ ఎత్తడు.

జనవరి 22
పని మధ్యలో అధికారులు ఓసారి బిల్డింగ్ చూసి వెళ్లారట. సర్టిఫికెట్ ఎప్పుడో ఎవరూ చెప్పరు. కిరాయి సగం వేశారు.

మధ్యాహ్నం ఇద్దరం పైకెక్కాం. లిఫ్ట్ లేదు. తొమ్మిది అంతస్తులు, అంతస్తుకోసారి ఆగుతూ. ఆమె ఫ్లాట్‌కి కిటికీలింకా పెట్టలేదు. ఆకాశం గదిలోకి వచ్చేసింది. కింద ఫ్లైఓవర్, దూరంగా మాదాపూర్ అద్దాల మేడలు ఎండలో...
“నేను తుడిచే ఆఫీసు గంతేనా!” నవ్వింది.
తర్వాత గచ్చు మీద కూర్చుంది. అరచెయ్యి ఆనించి, నిమిరి—
“కింద జాగల వాటా నాదేనాయె. మరి గిది?”
“ఇదీ నీదే.”
“రెండూనా, టీచరమ్మా?”
గాలి హోరు. “అవును, రెండూ” అన్నాను. ఆమె పక్కనే కూర్చున్నాను.