కుక్కర్ విజిల్, కొండల లెక్క

ఆదివారం, దిల్‌సుఖ్‌నగర్

కొండల్లో ఒక పెద్ద భూకంపం వచ్చిపోయాక అవి కొన్నాళ్లు నెమ్మదిస్తాయా, లేక మరోదానికి సిద్ధమవుతాయా? పీహెచ్‌డీ రోజుల నాటి ఈ ప్రశ్న ఇవాళ నా వంటింట్లోకి వచ్చింది.

కొత్తపేట చర్చి నుంచి వదిన, మేనకోడలు గ్రేస్ నేరుగా ఇటే వచ్చారు. గ్రేస్‌కి ఉత్తరాఖండ్ కొండల్లో నర్సు ఉద్యోగం దొరికింది. పోయిన వారమే అక్కడ భూమి గట్టిగా కంపించింది.

"నువ్వు భూకంపాల లెక్కలే చదివినవ్ గద. విజిల్ ఒచ్చినంక కుక్కర్ల ఆవిరి తగ్గుతది. గట్లనే ఇగ భయం లేదు గద?" అంది వదిన.

"పొయ్యి మండుతుంటే ఇంకో విజిల్ వస్తది వదినా."

"పొయ్యి సంగతి దేవుడు చూసుకుంటడు. నువ్వు లెక్క చెప్పు."

పెద్దది వచ్చాక చిన్న ప్రకంపనలు గుంపుగా వచ్చి, క్రమంగా పలచబడతాయి. అంతవరకే తెలుసు. రెండు పెద్దవాటి మధ్య ఎడం మాత్రం నేనెన్నేళ్లు చూసినా ఏ వరసకూ లొంగలేదు.

వెళ్తూ గ్రేస్ నా చెయ్యి పట్టుకుంది. "అత్తా, నువ్వు పొమ్మంటేనే అమ్మ పోనిస్తది. స్వెట్టర్లు గూడ కొనుక్కున్న."

రేపు ఫోన్ చేస్తానన్నాను. పొమ్మనడానికి నా దగ్గర లెక్క లేదు, వద్దనడానికీ లేదు. ఏమనాలో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.