ఎనిమిదో స్వరం

మామయ్యగారికి,

కోడలు నమస్కరించి రాసేది.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఏమిటని అనుకుంటారేమో. మొన్న ఫోన్లో నేను "గిటార్ నేర్పిస్తారా" అంటే మీరు "కటారా? కటారు దేనికమ్మా, ఎవర్ని పొడుస్తావు" అన్నారు. మీ అబ్బాయి పోయాక నేను నవ్వడం అదే మొదలు. ఫోన్ పెట్టేశాక ఏడుపు కూడా వచ్చింది. అందుకే కాగితం మీద అడుగుతున్నాను. నాకు స్కేలు వాయించడం నేర్పండి. పాటలు వద్దు. మీ అబ్బాయి రోజూ పొద్దున్నే సాధన చేసే ఆ స రి గ మ ఒక్కటి చాలు.

కారణం చెబుతాను. ఉడుత మారిపోయింది. ఒకచోట నిలవదని మీ మనవరాలికి ఆ పేరు పెట్టింది మీరే. ఇప్పుడు కూర్చోబెట్టిన చోటే కూర్చుంటోంది. అడిగితే జవాబు చెబుతుంది, అన్నం పెడితే తింటుంది, బడికి వెళ్తుంది. కానీ పొద్దస్తమానం ఏదో ఒక కూనిరాగం తీస్తూ తిరిగే పిల్ల నోట, వాళ్ళ నాన్న జ్వరంతో ఆసుపత్రికి వెళ్ళి తిరిగి రానప్పటి నుంచి రాగమన్నది లేదు. బళ్ళో అందరూ పాడుతుంటే తను పెదవులు బిగించి నిలబడుతుందట. టీచరు పిలిచి మరీ చెప్పింది.

గిటార్ వినపడితే గానీ ఆ పిల్ల మంచం దిగదని ఆయన అనేవారు. నేనెప్పుడూ చూడలేదు. ల్యాబ్‌లో నాకు పొద్దున్న షిఫ్టు, ఆరింటి బస్సు. ఆదివారాలు ఆయనకి హోటల్లో వాయించే పని. వాళ్ళిద్దరి పొద్దుటిపూటలు ఎలా ఉండేవో నాకు తెలియకుండానే అయిపోయాయి. ఇప్పుడు షిఫ్టు మార్పించుకుని పొద్దున్నపూట ఇంట్లో ఉంటున్నాను. తీరా చూస్తే ఇంట్లో చప్పుడే లేదు.

ఆ స్కేలు మళ్ళీ వినపడితే పిల్ల గొంతు విప్పుతుందని ఆశ. కట్టుడు పళ్ళ సెట్లు చేసే చేతులు నావి, మైనంలో వెంట్రుకవాసి తేడా ఉన్నా పట్టేస్తాయి. ఆయన గిటార్ తీగలు మాత్రం నా మాట వినడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

మీ కోడలు

*

అమ్మా కోడలా,

దీవెనలు. కటారు సంగతి అందరికీ చెప్పేయకు. జీవితమంతా గిటార్ పాఠాలు చెప్పి బతికినవాణ్ణి, పరువు తక్కువ.

ఒక విషయం ముందే చెబుతున్నాను. నా గిటార్‌ని గోడవైపు తిప్పి తగిలించేశాను. వాడు పోయాక దాని మొహం చూడబుద్ధి కావడం లేదు. పాఠాలూ మానేశాను. నువ్వు అడిగావు, అదీ కాగితం మీద, కాబట్టి చెబుతున్నాను.

కొత్తగా మొదలుపెట్టిన వాళ్ళందరూ ఒకేసారి ఆరు తీగల మీదా పడతారు. నువ్వు ఒక్క తీగనే పట్టుకో, అన్నిటికన్నా సన్నదాన్ని. మెడ మీద అడ్డంగా ఉన్న కడ్డీలున్నాయే, వాటిని మెట్లు అంటాం. ఏ మెట్టూ నొక్కకుండా మీటితే వచ్చేది స. అక్కడి నుంచి ఒక మెట్టు వదిలేస్తే రి. ఇంకో మెట్టు వదిలేస్తే గ. మ మాత్రం గ పక్కనే ఉంటుంది, మధ్యలో ఏమీ వదలకూడదు. ప, ద, ని మళ్ళీ ఒక్కో మెట్టు వదులుతూ పోతాయి. చివరన పై స, అది ని పక్కింట్లోనే కాపురం. రెండు చుక్కలు కనపడతాయి, అక్కడ.

మెట్టు మీద కాకుండా దానికి ఆనుకుని వెనక నొక్కు. బొటనవేలితో మెడ పిసక్కు. ప్రతి స్వరం పేరూ పైకి అంటూ మీటు. నోరు అనకముందే వేలు వెళ్ళిపోతోందంటే తొందరపడుతున్నావన్నమాట. తప్పు పోయినప్పుడల్లా మళ్ళీ మొదటికి పరిగెత్తకు. అలా చేస్తే స రి గ లు బంగారంలా వస్తాయి, ద ని లు కుంటుతూనే ఉంటాయి. తప్పిన స్వరం, దాని ముందుది, దాని తర్వాతది, ఆ మూడే తిప్పి తిప్పి వాయించు. అవి కుదిరాక స్కేలంతా చెయ్యి. కొన్నాళ్ళు పోయాక రోజూ స నుంచే కాకుండా ఒక రోజు మ నుంచి, ఒక రోజు ప నుంచి ఎత్తుకో. అప్పుడు గానీ ఏ స్వరం ఎక్కడుందో వేలికి నిజంగా తెలియదు.

ఇంకోటి. అప్పుడప్పుడు ని దాకా వెళ్ళి ఆగిపో. పై స వాయించకుండా మనసులో పాడుకో. చెవికి పదును వస్తుంది. ఇది నా శిష్యుల్లో ఎవరికీ నచ్చేది కాదు. తుమ్ము వచ్చినట్టే వచ్చి ఆగిపోయినట్టుంటుంది అనేవారు. నీ ఇష్టం.

వేళ్ళు నొప్పి పుడతాయి. ఓర్చుకో.

మీ మామయ్య

*

మామయ్యగారికి,

వేళ్ళ కొసలు కాయలు కాశాయి. మైనం కరిగించేటప్పుడు వేడి కూడా తెలియడం లేదు, ల్యాబ్‌లో తోటివాళ్ళు ఆశ్చర్యపోతున్నారు. ఆ మూడు స్వరాల పద్ధతి నాకు బాగా కుదిరింది. మా పనీ అంతే కదా, ఒక పన్ను సరిగ్గా కూర్చోకపోతే సెట్టంతా పడేయం, ఆ పన్నూ అటూ ఇటూ ఉన్నవీ సరిచేస్తాం. ఇప్పుడు స నుంచి పై స దాకా ఎక్కడా తడబడకుండా వెళ్తున్నాను. మ నుంచి ఎత్తుకోవడమూ వచ్చింది.

మీరు చెప్పినవన్నీ చేస్తున్నాను, ఆ ని దగ్గర ఆగడం ఒక్కటి తప్ప. అది నా వల్ల కాదు, మామయ్యగారూ. ఒక పన్ను తక్కువగా సెట్టు చేసి ఎవరి చేతిలోనైనా పెడతామా? ఎనిమిదీ వాయిస్తేనే నాకు మనసు నిమ్మళంగా ఉంటుంది.

ఇక ఉడుత సంగతి. మొదటి రోజు గిటార్ వినపడగానే మంచం దిగి గుమ్మం దాకా వచ్చింది. చూడనట్టు నటిస్తూ స్కేలు పూర్తి చేశాను. తల ఎత్తేసరికి లేదు. గది తలుపు వేసి ఉంది. రోజూ ఇదే వరస. నేను వాయించడం మొదలుపెడితే వస్తుంది, ముగించేసరికి తలుపు వేసుకుంటుంది. అడిగితే "ఏం లేదమ్మా" అంటుంది. ఆ మాట పెద్దవాళ్ళు అన్నట్టు అంటుంది, నాకు అది ఇంకా భయంగా ఉంది.

నా వాయింపు బాగాలేదా? వేగం పెంచమంటారా?

మీ కోడలు

*

అమ్మా,

వేగం జోలికి పోకు. ఎనిమిది స్వరాలూ తడబడకుండా వస్తున్నాయంటే నా శిష్యుల్లో సగంమంది కన్నా నువ్వే నయం.

ఒక్క సంగతి గమనించి రాయి. పిల్ల తలుపు వేసుకునేది ఏ స్వరం దగ్గర? స్కేలు మధ్యలోనా, అంతా అయ్యాకా? పాఠం చెప్పేవాడి బుద్ధి ఇది, ఎవరైనా ఎక్కడ ఆగిపోతున్నారో తెలియకుండా ఏమీ చెప్పలేను.

పిల్లని గదమాయించకు. నువ్వూ అన్నం మానకు.

మీ మామయ్య

*

మామయ్యగారికి,

మీరు చెప్పినట్టు గమనించాను. అలమర అద్దంలో గుమ్మం కనపడేలా కుర్చీ తిప్పుకుని వాయించాను.

స రి గ మ దాకా తలుపు సందులోంచి చూస్తూ నిలబడుతుంది. ప, ద వచ్చేసరికి ఒక అడుగు ముందుకు వేస్తుంది. ని దగ్గర పెదవులు కొంచెం విడతాయి. పై స మోగిందంటే మొహం ముడుచుకుని వెనక్కి తిరిగి తలుపు వేసుకుంటుంది. ప్రతిసారీ అక్కడే.

నాకు అర్థమైంది. అంతవరకూ వాయించేది నాన్నే అనుకుంటుంది. చివరికి వచ్చేసరికి కాదని గుర్తొస్తుంది. నేను రోజూ పొద్దున్నే ఆ పిల్లకి తండ్రిని తెచ్చిచ్చి మళ్ళీ లాక్కుంటున్నాను. ఏ తల్లీ చేయకూడని పని ఇది. మీరు ఎంత ఓపిగ్గా నేర్పినా ఇక నేను వాయించలేను.

గిటార్‌ని పెట్టెలో పెట్టేశాను. వచ్చే వారం మా ల్యాబ్ వ్యాను మీ వైపు వస్తుంది, డ్రైవరు చేతికిచ్చి పంపిస్తాను. మీ దగ్గరే ఉండనివ్వండి. పెట్టె మూసేటప్పుడు ఉడుత గుమ్మంలో నిలబడి చూసింది. ఆరోజు బడికి టిఫిన్ డబ్బా మర్చిపోయి వెళ్ళింది.

మీరు ఏమీ అనుకోకండి.

మీ కోడలు

*

అమ్మా,

గిటార్ పంపకు. ఈ ఉత్తరం కొరియర్లో వేస్తున్నాను, వ్యాను బయల్దేరేలోపు అందాలి.

నీకు తెలియని సంగతి ఒకటుంది. తెలిసే అవకాశమే లేదు, నువ్వు మా ఇంటికి రాకముందు సంగతి.

మీ ఆయన చిన్నప్పుడు మహా మొద్దునిద్ర. వాళ్ళమ్మ దుప్పటి లాగేసినా, నీళ్ళు చల్లినా కదిలేవాడు కాదు. నేను వంటింటి గుమ్మంలో కూర్చుని స్కేలు వాయించేవాణ్ణి. స రి గ మ ప ద ని. అక్కడ ఆపేసి ఊరుకునేవాణ్ణి. వాడికి అది భరించరానిది. కాసేపు దుప్పట్లో దొర్లేవాడు, ఆ తర్వాత విసుగ్గా "స" అని గొంతెత్తి పాడి లేచి వచ్చేవాడు. "నాన్నా, నీకు చివరిది రాదా" అని దెబ్బలాడేవాడు. "రాదురా, అందుకే నిన్ను పెట్టుకున్నా" అనేవాణ్ణి. వాడి మీసాలు మొలిచేదాకా మా ఇంట్లో తెల్లవారడమంటే అదే.

శిష్యులకి ఆ పద్ధతి చెవి పదును కోసమని చెప్పేవాణ్ణి. నీకూ అలాగే చెప్పాను. అది ఎక్కడ మొదలైందో నాకే గుర్తులేకుండా పోయింది, చూడు.

వాడు కూడా కూతురితో ఇదే ఆట ఆడేవాడో లేదో నాకు తెలియదు. నాతో ఎప్పుడూ అనలేదు. కానీ పెదవులు విడేది ని దగ్గర అన్నావు. పెట్టె తెరువు. రేపు ని దాకా వెళ్ళి ఆపు. ఎంత కష్టమైనా ఆ చివరిది నువ్వు వాయించకు. పళ్ళ సెట్టు సంగతి నాకొదిలెయ్యి.

ఇది రాసే ముందు నా గిటార్‌ని గోడ మీంచి దింపాను. దుమ్ము తుడిచి ని దాకా వాయించి ఆపాను. ఈ గదిలో అందుకునేవాడు లేడు. చాలాసేపు చూసి నేనే ఏడ్చాను. నీ పక్క గదిలో మనిషి ఉంది తల్లీ. ఆగి చూడు.

మీ మామయ్య

*

మామయ్యగారికి,

మీ ఉత్తరం అందేసరికి పెట్టె వ్యాను వరకూ వెళ్ళింది. డ్రైవర్ని ఆపి దింపించుకున్నాను.

మర్నాడు పొద్దున్న ని దగ్గర ఆపాను. నా వేలు దానంతటదే పక్క మెట్టు మీదకి జారబోతుంటే రెండో చేత్తో పట్టుకున్నాను. ఇల్లంతా చెవులు రిక్కించినట్టుంది. ఏమీ వినపడలేదు. అద్దంలో చూస్తే గుమ్మంలోనే ఉంది, కళ్ళు పెద్దవి చేసుకుని. కానీ తలుపు వేసుకోలేదు. అది చాలనుకున్నాను.

ఆ మర్నాడు మళ్ళీ ఆపాను. ఈసారి తలదువ్వెన చేత్తో పట్టుకుని నా కుర్చీ దాకా వచ్చింది. "అమ్మా, మర్చిపోయావా" అంది. "మర్చిపోలేదే" అన్నాను. "మరి వాయించవేం?" "ఇక్కడిదాకే నాది." ఆ మాట ఎలా వచ్చిందో నా నోటికే తెలియదు.

పిల్ల నా మొహంలోకి చూసి అంది, "ఇన్నాళ్ళూ నాది కూడా నువ్వే వాయించేశావు కదమ్మా. నేను వచ్చేలోపే అయిపోయేది. ఇంక నాతో పని లేదేమో అనుకున్నా."

మామయ్యగారూ, నేను తప్పులేకుండా వాయించాలని వేళ్ళు కాయలు కాసేలా సాధన చేసింది, నా బిడ్డకున్న ఒక్క చోటూ మూసేయడానికన్నమాట. ఎనిమిదీ పూర్తిచేసిన ప్రతిసారీ దాన్ని గదిలోకి పంపించేస్తూ వచ్చాను. నాన్న లేడని కాదు ఆ పిల్ల బాధ. నాన్నతోపాటు తన వంతు కూడా పోయిందని.

గిటార్ ఎత్తుకుని మళ్ళీ మొదలుపెట్టాను, మీరు చెప్పినంత నెమ్మదిగా. స, రి, గ, మ, ప, ద, ని. ఆపాను. మొదట గాలే వచ్చింది. తర్వాత గొంతు వచ్చింది, కొంచెం బొంగురుగా, కొంచెం దిగువన. నెమ్మదిగా ఎక్కి సరిగ్గా రెండు చుక్కల దగ్గరికి చేరింది. బడికి ఆలస్యమైంది, నాకు ల్యాబ్‌కీ ఆలస్యమైంది.

సెలవులకి ఉడుతని తీసుకుని వస్తున్నాను. మీ గిటార్‌ని ఇక గోడవైపు తిప్పకండి. పొద్దున్నే ఎక్కడ ఆపాలో మీకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఈ ఉత్తరం చివర నేను సంతకం పెట్టడం లేదు. ఆ చోటు వదిలేసి కాగితం పక్క గదిలోకి పంపిస్తున్నాను.

తాతయ్యా,

స