పై వరసలో మూడోది

బెంగళూరు,
జూన్ 2009

ప్రియమైన హేమకు,

ఫోన్ చేస్తే మా అమ్మ పక్కనే కూర్చుని వింటుంది కదా, అందుకే ఈ ఉత్తరం. ఆఫీసులో ప్లాన్లు గీసే ఆటోక్యాడ్ కొత్తది వేశారు. దాని ముఖమే మార్చేశారు! అనంతపురంలో మనిద్దరం పక్కపక్కన కూర్చుని నేర్చుకున్న రోజులు గుర్తున్నాయా? తెలుగు మీడియం పిల్లలమని అక్కడి సారు మనకు తెర మీది బొమ్మల పేర్లు కాదు, అవి ఉండే చోట్లు నేర్పాడు. గీత గీసేది పై వరసలో మూడోది, చెరిపేది కుడి పక్క మొదటిది. పేర్లు నాకు ఇప్పటికీ తెలియవు, చేతికే తెలుసు. ఇన్నేళ్లూ ఆ చెయ్యే అన్నం పెట్టింది. ఇప్పుడు అలవాటున నొక్కిన చోట ఇంకేదో ఉంటోంది. మొన్న ఒక ఇంటి ప్లానులో మెట్లగది మొత్తం చెరిపేశాను. అందరూ నవ్వారు. ఒళ్లు మండిపోయింది.

పాత రూపం ఎక్కడ దాచారో వెతికి పట్టుకుని, నా కంప్యూటర్ను వెనక్కి తిప్పేశాను. కొత్తొక వింత, పాతొక రోత అంటారు. ఆ రోతే నాకు కూడు.

ఇంకో సంగతి. మా ఆఫీసు సారు ప్లాన్లు గీసే మనిషి ఒకరు కావాలంటున్నాడు. నీ పేరు చెప్పాను. నువ్వొస్తే గది తీసుకుందాం. భార్యాభర్తలం చెరో ఊళ్లో బతికింది చాలు.

నీ
ఎర్రిస్వామి

కంబదూరు,
జులై

ప్రియమైన మా వారికి,

ఇక్కడ చినుకు లేదు. విత్తనం వేరుశనగ ఇంట్లోనే మూటల్లో ఉంది. అత్తమ్మ పొద్దున్నే ఆకాశాన్ని తిట్టి, "పోనీలేమ్మా, వాడన్నా ఆడ ఫ్యాను కింద సల్లగా ఉండాడు" అంటుంది.

నేను పనిచేసే కళ్యాణదుర్గం ప్లాన్ల షాపులోకీ ఆ కొత్తదే వచ్చింది. మొదటిరోజు ఏడ్చాను. తర్వాత ఒక్కో బొమ్మ మీద మౌసు పెట్టి, కనిపించిన ఇంగ్లీషు పేరు కూడబలుక్కుంటున్నాను. పేరు తెలిస్తే ఎక్కడ దాక్కున్నా దొరుకుతుంది. మీరూ చదవండి, వెనక్కి తిప్పకండి. అయినా కుందేలుకు మూడే కాళ్లనే మనిషికి చెప్పడం నా బుద్ధితక్కువ.

గది మాట రాశారే, ఆ ముక్క రోజూ చదువుకుంటున్నాను. కిటికీ ఉన్నది చూడండి.

మీ
హేమావతి

బెంగళూరు,
ఆగస్టు

ప్రియమైన హేమా,

నాకు పాఠాలు చెప్పొద్దు. గోడ నిలబడితే చాలదా, ఏ బొమ్మ నొక్కి గీస్తే ఎవరికి కావాలి? నిన్న సారు అందరి ముందూ, "ఏనప్పా ఎర్రిస్వామీ, ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారా?" అన్నాడు. నేను టీ తాగి వచ్చేలోగా నా కంప్యూటర్ను కొత్తదానికి మార్చేశారు. మళ్లీ తిప్పేశాను.

సోమవారం నీకు ఈ ఉద్యోగం పరీక్ష. బాగా చెయ్యి. గది కుదిరింది, కిటికీ ఉంది. నువ్వు చేరే రోజు బస్టాండుకు నేనే వస్తాను.

నీ
ఎర్రిస్వామి

బెంగళూరు,
సెప్టెంబరు

ప్రియమైన మా వారికి,

బస్టాండులో మీకోసం ఎదురుచూసి ఎదురుచూసి, దారి అడుగుతూ గదికి వెళ్లాను. ఇంటామె తాళం చేతిలో పెట్టింది. లోపల మీ పెట్టె లేదు. ఆఫీసుకు పరిగెత్తాను. సారు ఒక కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. దాని వెనక మీ తువ్వాలు వేలాడుతోంది.

"మా ఆయన యాడ సార్?" అన్నాను.

"నీకు చెప్పల్యాదామ్మా? నేను మనిషి కావాలన్నది ఆయప్ప బదులుకే. నిన్న చెప్పినాను. లేసి పోయినాడు."

మీ చోటికి మీరే నన్ను తెచ్చారు. అది అప్పుడు మీకూ తెలియదని నాకు తెలుసు. అయినా కోపంగా ఉంది. నాతో ఒక్క మాట చెప్పకుండా ఊరికి పోతారా? అత్తమ్మ ఫోనులో, "వాడు కల్లంలో పండుకున్నాడు, ఇంట్లోకి రాడమ్మా, ఏమైనాది?" అని అడిగింది. నేను చెప్పలేదు. మీరే చెప్పుకోండి.

లేచి వచ్చేయాలనుకున్నాను. రాలేదు. చేలో పంట లేని ఏడు, ఇద్దరం ఇంట్లో కూర్చుంటే పొయ్యిలో పిల్లి లేవదు. మీ తువ్వాలు మడిచి బ్యాగులో పెట్టుకుని పనికి కూర్చున్నాను.

సాయంత్రం సారు నేను గీసిన ప్లాను చూసి, అందరి ముందూ మెచ్చుకున్నాడు. నాకు సంతోషం వేసింది. మీ కుర్చీలో కూర్చుని సంతోషపడ్డాను. అది మీకు చెప్పకుండా దాచలేకపోయాను.

మీ
హేమావతి