చిలక్కొయ్య ఎత్తు

జూన్ 2

ఈ ఉదయం నా తలగడ మీద పైకప్పు పెచ్చు ఒకటి ఊడి పడింది. పళ్ళు తోముకోవడానికి లేచి వెళ్ళాను కాబట్టి ఈ వాక్యం రాయగలుగుతున్నాను. అంత ఎత్తు నుంచి అంత బరువు పడితే కింద ఉన్నదాని గతి ఏమవుతుందో ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆడపిల్లలకు బోర్డు మీద లెక్క కట్టి చూపినదాన్ని. తలగడ దులిపి చూశాను. గుడ్డ చిరిగి దూది బయటికి వచ్చింది.

ఇల్లు తనంతట తాను కూలేలోగా మనమే కూల్చి కట్టుకోవడం మర్యాద. రేపు ఇంజనీరుకు ఫోను చేస్తాను.

జూన్ 5

ఇంజనీరు వచ్చి సుత్తితో గోడలన్నీ తట్టి చూశాడు. మొత్తం పడగొట్టి కొత్తది కట్టుకోవడం సుఖమన్నాడు. నా సుఖం సంగతి నేను చూసుకుంటానని, ఉన్నదాన్ని బాగుచేయడానికి ఎస్టిమేటు ఇమ్మని అడిగాను.

పైకప్పు, వైరింగు, పైపులు, వంటిల్లు. ఇవన్నీ నా ప్రావిడెంటు ఫండులోంచి పోతాయి. కాని ఇల్లు నాన్న పోతూ నాకూ తమ్ముడికీ చెరి సగం రాశారు. ముందు వాటాలో తమ్ముడూ మరదలూ, వెనుక వాటాలో నేను. మునిసిపాలిటీ పర్మిషనుకు ఇద్దరి సంతకాలూ కావాలట. డబ్బు నాది, అడ్డు అతడిది.

రెండు వాటాల నడుమ నాన్న గది ఉంది. ప్లానులో నేను మొట్టమొదట రాసినది దాని గురించే: మధ్య గది గోడ, తలుపు, గడియ తీసివేయాలి. అక్కడ గాలీ వెలుతురూ వచ్చే హాలు కావాలి.

జూన్ 6

ఆ గది ఎందుకు పోవాలో కనీసం ఇక్కడైనా రాసి పెడతాను.

గోడకు ఒక చిలక్కొయ్య ఉంది. దానికి నాన్న డ్యూటీ బెల్టు వేలాడుతుంది. మందపాటి తోలు, ఇత్తడి బకిల్. ఈ ఇంట్లో తన్నులు తినడానికి ఒక పద్ధతి ఉండేది. తినవలసినవాళ్ళే వెళ్ళి బెల్టు తీసుకువచ్చి, రెండు చేతులతో నాన్నకు అందించాలి. చిలక్కొయ్య అందకపోతే స్టూలు కూడా మనమే మోసుకురావాలి. కాలేజీలో చేరతానన్న రోజున నేను స్టూలు లేకుండానే అందుకున్నాను. అప్పటికి ఎత్తు ఎదిగాను. ఆ రోజు బకిల్ వైపు వాడారు.

నాన్న పోయాక బెల్టు చెత్తలోకి పోవలసింది. తమ్ముడు దానికి నూనె రాసి మళ్ళీ అక్కడే తగిలించాడు. దాన్ని ఇప్పుడు మరదలు తెచ్చి అందిస్తుంది. రెండు చేతులతోనే.

జూన్ 9

తమ్ముడికి ప్లాను చూపించాను. ఇంజనీరు పంపిన మేస్త్రి పక్కనే ఉన్నాడు. వంటిల్లు సరే, పైకప్పు సరే, మధ్య గది మీద మాత్రం చెయ్యి పడితే ఊరుకోనన్నాడు తమ్ముడు. ఆ బెల్టే లేకపోతే నువ్వు లెక్చరరువూ నేను మేనేజరునూ అయ్యేవాళ్ళమా అక్కా అని అడిగాడు. ఆ లెక్కన రిజల్టు కార్డు మీద బెల్టు సంతకం ఉండాలి కదరా అన్నాను. నీకు పెళ్ళీ పెటాకులూ లేవు కాబట్టి గోడల మీద పడ్డావన్నాడు.

మేస్త్రి నోరు ఊరుకోదు. సార్, ముసలి గోడ అంటే ముసలి మనిషే, లోపల ఏం పుచ్చిందో పగిలేదాకా తెలియదన్నాడు. తమ్ముడు చేతిలోని స్టీలు గ్లాసు విసిరాడు. మేస్త్రి చెవి పై భాగం చీలింది. అతడు రుమాలు అదిమిపెట్టుకుని, అమ్మగారూ, ఈ కుట్ల ఖర్చు లేబరులో రాయనా మెటీరియల్లో రాయనా అని నన్ను అడిగాడు. ప్లాను మీద రక్తం పడింది. సరిగ్గా నాన్న గది మీద కాదు. వంటింటి మీద.

జూన్ 10

మధ్యాహ్నం మధ్య గది గడియ పడింది. తరువాత రేడియో సౌండు పెరిగింది.

జూన్ 11

మరదలు కాఫీ పట్టుకుని వచ్చింది. ఎండలు మండిపోతుంటే పొడుగు చేతుల జాకెట్టు. ప్లాను ముందేసుకుని కూర్చున్న నన్ను చూసి, వదినగారూ, మీరు ఇల్లు కడుతున్నారా, పరీక్ష పేపరు దిద్దుతున్నారా అని నవ్వింది. వంటింట్లో షెల్ఫులు కాస్త కిందికి పెట్టించమని అడిగింది. ఎంత కిందికి అన్నాను. కుడి చెయ్యి ఎత్తి చూపింది. భుజం దాటి పైకి లేవలేదు. ఇంతకన్నా లేవడం లేదు వదినగారూ, ఇక్కడికి చాలు అంది, టైలరుకు కొలత ఇస్తున్నట్టు.

లోగడ ఒకసారి నేను పోలీస్ స్టేషనుకు వెళ్ళాను. ఎస్సై ఇంటికి వచ్చి అడిగితే, బాత్రూములో జారిపడ్డానని ఈమే చెప్పి, అతడికి టీ కూడా ఇచ్చింది. ఆ తరువాత వారం రోజులు మంచం దిగలేదు. మనుషులు సాక్ష్యం చెప్పని ఇంట్లో ఇక గోడలనే కదిలించాలని అప్పుడే అనుకున్నాను. తలుపు మూసుకోవడానికి గది లేకపోతే, నలుగురి కళ్ళ ముందు ఏ మనిషి చెయ్యెత్తుతాడు?

షెల్ఫుల ఎత్తు తగ్గించి రాశాను.

జూన్ 14

నాన్న గదిని ముట్టుకోనని ఒప్పుకున్నాను. తమ్ముడు సంతకం పెట్టాడు. నేను చెప్పినది పచ్చి అబద్ధం. అది చెప్పేటప్పుడు నా గొంతు తడబడలేదు. క్లాసు రూము మనిషికి ఇచ్చే విద్యల్లో ఇదొకటి.

జూన్ 20

పని మొదలైంది. ఇనప గునపాలు, పెద్ద సుత్తులు. నా వాటా పైకప్పు సగం నేల మీద ఉంది. కూలీలు వెన్ను విల్లులా వంచి కొడుతుంటే ఇల్లు మూలుగుతోంది. దుమ్ము ముక్కులోకీ, అన్నంలోకీ, ఈ డైరీలోకీ. తమ్ముడు మధ్య గది గుమ్మంలో కుర్చీ వేసుకుని కాపలా కాస్తున్నాడు. మేస్త్రి కుట్లు వేయించుకున్న చెవి తడుముకుంటూ అతడికి దూరంగా తిరుగుతున్నాడు.

జూన్ 23, సాయంత్రం

తమ్ముడు పాత ఆఫీసువాళ్ళ మీటింగుకు పొరుగూరు వెళ్ళాడు. రేపు వస్తాడు.

గోడ ఈ రోజే పోవాలన్నాను. పైకప్పు విప్పకుండా కింది గోడ తీయడం మా పనిలో లేదమ్మగారూ, తలకాయ దించకుండా కాళ్ళు నరికినట్టు ఉంటుందన్నాడు మేస్త్రి. బరువు మోయడానికి ఇనప జాకీలు పెట్టమన్నాను. బీము ఎక్కడ ఎంత బరువు మోస్తుందో లెక్క కట్టి ఇచ్చాను. కాగితం చదివి, ఈ లెక్క తప్పితే మనందరం ఒకే గోతిలోకి పోతాం అన్నాడు. నా లెక్క తప్పు కాదని చెప్పాను. జాకీలు బిగించాడు.

మొదటి దెబ్బ నేనే కొట్టాను. సుత్తి పిడి అరచేతుల్లో బొబ్బలు లేపింది. రెండో దెబ్బకు భుజం పట్టేసింది. అయినా కొట్టాను. మనిషిని కొట్టడంలో ఏం రుచి ఉంటుందో అర్థమైంది. ఆ సంగతి రాయడం నాకు ఇష్టం లేదు. రాస్తున్నాను.

గోడ కూలిన తరువాత కూడా చిలక్కొయ్య ఊడలేదు. ఇటుక ముక్క ఒకదాన్ని పట్టుకుని అలాగే ఉంది. బెల్టు రాళ్ళ కింద పడిపోయింది. మరదలు వంటింటి గుమ్మంలో నిలబడి అంతా చూసింది. ఆయన వచ్చాక ఏమవుతుందో మీరు లెక్క కట్టారా వదినగారూ అని అడిగింది. కట్టాను అన్నాను.

జూన్ 24

నా లెక్క తప్పింది.

తమ్ముడు వచ్చాడు. గోడ లేని చోటును చూశాడు. అరవలేదు. చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కున్నాడు. తరువాత మరదలి వైపు తిరిగి, తీసుకురా అన్నాడు. కూలీలు ఉన్నారు. మేస్త్రి ఉన్నాడు. నేను ఉన్నాను. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది.

ఆమె రాళ్ళ కుప్ప దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, ఇటుకలు ఒక్కొక్కటే పక్కకు పెడుతూ వెతికింది. మేమంతా నిలబడి చూశాం. దొరికాక పమిటతో దుమ్ము తుడిచి, రెండు చేతులతో అందించింది.

మా అందరి ముందూ కొట్టాడు. అడ్డం వెళ్ళిన మేస్త్రికి బకిల్ దవడ మీద తగిలింది. ఒక పన్ను ఊడి దుమ్ములో పడింది. నేను బెల్టు పట్టుకున్నాను. మెలితిప్పి నన్ను విసిరాడు. ఎడమ మణికట్టు విరిగింది. అది విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. మేస్త్రి మనుషులను తీసుకుని వెళ్ళిపోయాడు. నన్ను క్షమించండమ్మగారూ, నాకూ ఇల్లుంది అన్నాడు.

జూన్ 25

ఆ గోడ అతడి సిగ్గు కోసం కాదు. మా సిగ్గు కోసం.

జూన్ 27, మధ్యాహ్నం

రాసేది కుడి చేత్తో కాబట్టి సరిపోయింది. ఎడమ చేతికి సిమెంటు కట్టు ఉంది.

ఉదయం తమ్ముడు మధ్యలో, జాకీల మధ్య, కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఉన్న గోడ ఉన్నట్టు మళ్ళీ కట్టించాలన్నాడు. కట్టించను, ఇప్పుడే స్టేషనుకు వెళ్తున్నాను, ఈసారి నా మణికట్టే సాక్ష్యం చెబుతుందన్నాను. అతడు నాన్న గొంతుతో, తీసుకురా అక్కా అన్నాడు. నాతో. ఈ వయసులో.

నా కాళ్ళు కదిలాయి.

భయపడి కాదు. నేను భయపడలేదు. అయినా కదిలాయి. రెండు అడుగులు. ఈ జన్మలో నేను క్షమించనివి ఏవైనా ఉంటే ఆ రెండు అడుగులే.

అప్పుడు మరదలు నా భుజం మీద చెయ్యి వేసింది. మీరుండండి వదినగారూ, అది ఎక్కడుందో నాకు తెలుసు అంది. రాళ్ళ కుప్ప వెనక్కి వెళ్ళింది. తలవంచుకునే తిరిగి వచ్చింది. రెండు చేతులతోనే తెచ్చింది. అతడు అలవాటుగా చెయ్యి చాచాడు, ఆమె వైపు చూడను కూడా చూడలేదు. ఆమె తెచ్చినది కూలీలు వదిలి వెళ్ళిన పెద్ద సుత్తి.

ఆమె చెయ్యి భుజం దాటి లేవదు. అంత ఎత్తు అవసరం కాలేదు. పక్క నుంచి ఊపి మోకాలి మీద కొట్టింది. చిప్ప పగిలిన చప్పుడు. అతడు కుర్చీతో సహా ఒరిగాడు. అతడు నేల మీద ఉండగా రెండో మోకాలి మీద కొట్టింది. అతడు అమ్మా అన్నాడు. ఆమె మూడోసారి సుత్తి వెనక్కి లాగినప్పుడు చూపు మోకాళ్ళ మీద లేదు, తల మీద ఉంది. అప్పుడు నేను చాలు అన్నాను.

మొదటి దెబ్బకే అనగలిగేదాన్ని. అనలేదు.

ఆమె సుత్తిని గోడకు ఆనించబోయింది. గోడ లేదు. నేల మీద పెట్టింది.

జూన్ 28

ఎలా జరిగిందని డాక్టరు అడిగాడు. మేమిద్దరం నోరు తెరవకముందే తమ్ముడే చెప్పాడు: పాత ఇల్లు కదా, గోడ కూలింది. చెప్పి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మరదలు అతడి దుప్పటి సర్దింది.

ఇక నడవడట.

జూలై 6

మేస్త్రి కొత్త పన్ను పెట్టించుకుని తిరిగి వచ్చాడు. ఏమీ అడగలేదు. సుత్తిని మాత్రం బకెట్ నీళ్ళలో కడిగాడు.

ఎస్టిమేటు మార్చాను. చక్రాల కుర్చీ పట్టేలా గుమ్మాలు వెడల్పు చేయాలి. మెట్లు తీసి వాలు కట్టాలి. ఆ వాలు లెక్క నేనే కట్టాను. తమ్ముడి మంచం హాలు మధ్యలో, అన్ని వైపుల నుంచీ కనిపించేలా. ఇంట్లో ఏ తలుపుకూ గడియ ఉండదు. పైన పేర్కొన్న కారణాల వల్ల వంటింటి షెల్ఫులు తగ్గించిన ఎత్తులోనే ఉంటాయి. మొత్తం నా అంచనా దాటింది. నా గాజులు అమ్ముతాను; ఎలాగూ ఎడమ మణికట్టుకు ఇక పట్టవు.

పొద్దున తమ్ముడు నీళ్ళు అడిగాడు. మరదలికి వినపడింది. పప్పు కడగడం పూర్తి చేసి, చేతులు తుడుచుకుని, తరువాత ఇచ్చింది.

జూలై 19

హాలు గోడకు సున్నం వేశారు. మంచి వెలుతురు.

రాళ్ళ కుప్పలోంచి చిలక్కొయ్య ఏరి తెచ్చి, దీన్ని మంచానికి ఎదురుగా బిగించమని మరదలు మేస్త్రిని అడిగింది. ఎంత ఎత్తులో అని అతడు అడిగాడు. ఆమె గోడకు ఆనుకుని, చెయ్యి లేచినంత మేరకు ఎత్తి చూపింది.

పెరట్లో తీగ మీద బెల్టు ఆరుతోంది. నూనె రాసి ఉంది.