మా తంగేడు ఎందుకు కాయదు

జమ్మలమడుగు, గురువారం రాత్రి

పెరట్లో తంగేడు విరగబూస్తుంది కానీ ఒక్క కాయా కాయదు. తొండూరు అక్కేమో చేను గట్టున వేస్తానని గింజలు అడుగుతోంది. వేసవంతా నీళ్లు పోయకపోయినా బతికే చెట్టుకు ఏం లోటో ఇన్నాళ్లూ తెలియలేదు.

అత్తమ్మ నిన్న పెళ్లికని కమలాపురం వెళ్లింది. రోజూ దేవుడికి కోసే ఆమె లేక ఈ పొద్దున పూలన్నీ చెట్టు మీదే ఉండిపోయాయి. ఎండెక్కాక ఒక నల్ల తుమ్మెద వచ్చింది. పువ్వును కాళ్లతో కరుచుకొని, రెక్కలు ఆడించకుండానే గట్టిగా ఝుమ్మంది. ఎగిరేటప్పటి మోత కాదది. ఆ అదురుకు పుప్పొడి రాలి దాని పొట్టంతా పసుపైంది. చూస్తూ పొయ్యి మీద పాలు మరిచిపోయాను. రోజూ అది వచ్చేసరికి మా చెట్టు మీద పూలే ఉండవు కదా!

కానీ అత్తమ్మకెలా చెప్పాలి? మా ఆయన గుడికి పట్టుకెళ్లే పూలబుట్ట నిండనిదే ఆమె కాఫీ కూడా తాగదు.

సాయంత్రం వస్తూనే పెరట్లోకి చూసి, "పూలన్నీ ఆడనే ఉండాయేంది? దేవునికేం పెట్టినారు?" అంది.

"గన్నేరు పూలు పంపించినా అత్తమ్మా. మీరు తెల్లారకముందే అన్నీ కోసేస్తాంటే తుమ్మెదకు యాడ మిగుల్తాయి? ఇంగ కాయలు యాడ కాస్తాయి?"

ఆమె కాళ్లు కడుక్కొని లోపలికెళ్లింది. దీపం పెట్టి వచ్చాక, "ఆ పైకొమ్మ నాకు అందదులేమ్మా," అంది.

రోజూ ఆ కొమ్మనే వంచి, మొదట కోసే మనిషి!