రబియక్క క్రోషా సూది

రబియక్కా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. ఎమ్మిగనూరు నుంచి నీ కూతురు నస్రీన్ నెలల బిడ్డను ఎత్తుకొని ఆదోనికి వచ్చింది. నువ్వు మిగిల్చిపోయిన గులాబీ ఊలుతో ఆ బిడ్డకు స్వెటరు అల్లి ఇస్తానని దానికి ముందే మాటిచ్చాను. అల్లిక మిషను ఉంది కదా అన్న ధీమాతో స్వెటరు రెండో చేతిని ఈ రోజుదాకా అల్లకుండా ఉంచాను.

నేను మిషను కొన్న రోజు నువ్వు నవ్వావు. "అదే అల్లుతాంటే నీ చేతులేం జేస్తాయమ్మీ?" అన్నావు.

ఈ రోజు తొందరలో, మిషను మీద అల్లే గుడ్డ కిందికి బిగువుగా ఉండేలా అంచుకు బరువు తగిలించడం మరిచాను. ఒక కుట్టు జారి, పైనుంచి కిందిదాకా నిచ్చెనలా విడిపోయింది. నాలుగు గంటల బస్సుకు వాళ్లు పోవాలి. కోపం వచ్చి అంతా పీకబోయాను.

"ఒక్క కుట్టు తప్పితే గుడ్డంతా ఏం జేసిందమ్మీ?" అంది నస్రీన్, అచ్చం నీ గొంతుతో. క్రోషా నేర్పేటప్పుడు నువ్వు నన్ను రోజూ అడిగిన మాటే అది.

నువ్విచ్చిన క్రోషా సూది కోసం వెతికాను. తిట్టుకోకు, మిషను వచ్చినప్పటి నుంచి దానితో లంగాలకు బొందులు ఎక్కిస్తున్నాను. ఆ సూదితోనే జారిన కుట్టును ఒక్కో వరుసా పైకి లాక్కొచ్చాను. ఎక్కడ జారిందో ఇప్పుడు నాకే కనబడదు.

మిగతాది అల్లి, చేతిని స్వెటరుకు కలిపి కుట్టేశాను. బస్సెక్కేటప్పటికి స్వెటరు బిడ్డ ఒంటిమీదే ఉంది.

సూదిని మిషను పక్కనే పెట్టుకున్నాను అక్కా. బొందులకు ఇంకేదైనా చూసుకుంటాను.

నీ సరోజ