భుజం మీద చెయ్యి

ఆంకరేజ్,
నవంబరు 2

ప్రియమైన ఫెక్లాకి,

ఎడమ కంటికి శుక్లం తీశారు. కట్టు ఉంది. కుడి కన్ను వచ్చే వారం. అక్షరాలు పెద్దవిగా, వంకరగా ఉంటే ఏమీ అనుకోకు. కాగితం అంచు కనబడక బల్ల మీద కూడా రాశానని మీ అత్త లుకేరియా నవ్వుతోంది.

మిన్నెసోటా అన్నదమ్ములు ఆరిన్, వెండెల్ ఐదో తారీకున మన బోటులో వేటకి దిగుతారు. ఆరిన్ పెద్దవాడు, మొండివాడు. వెండెల్‌తో ఇబ్బంది లేదు. కొండల మీద మంచు బాగా పడితే జింకలు వాటంతట అవే ఒడ్డుకి దిగుతాయి, మీరు ఎక్కువ ఎక్కనక్కర్లేదు.

నీకు తెలిసిందే, అయినా రాస్తున్నాను. కాల్చమని నోటితో చెప్పకు. జింక వింటుంది. వేటగాడి భుజం మీద చెయ్యి వెయ్యి. చెయ్యి ఉన్నంతసేపు కాల్చకూడదు. తీస్తే కాల్చవచ్చు. మన బోటులో అదొక్కటే చట్టం.

కోడియాక్ చేపల వ్యాపారి మన బోటుని బేరం ఆడుతున్న సంగతి నీకు తెలుసు. ఈ ట్రిప్పు అయ్యాక ఏదో ఒకటి చెబుతానన్నాను. అమ్మవద్దు, నేను నడుపుతానని నువ్వంటున్నావు. చూద్దాం.

నాన్న


‘వర్వారా’ బోటు, కిల్యూడా అఖాతం,
నవంబరు 6

ప్రియమైన నాన్నకి,

“చూద్దాం” అని రాశావు. నీ దగ్గర్నుంచి అంత మాట రావడం నాకు పండగే.

విమానం దిగుతూనే ఆరిన్ నా తల మీదుగా బోటులోకి తొంగి చూశాడు. “కెప్టెన్ ఏడీ?”

“నేనే.”

“నువ్వు మకారి కూతురివి కదూ? నిరుడు పాన్‌కేకులు మాడ్చినదానివి.”

“ఈసారి సిమియన్ మామ మాడుస్తాడు. నేను బోటు నడుపుతాను.”

వంటగది కిటికీలోంచి సిమియన్ మామ, “మాడ్చడం అందరికీ చేతకాదు బాబూ!” అని అరిచాడు. వెండెల్ పగలబడి నవ్వాడు. ఆరిన్ నవ్వలేదు. “మకారి చేతికింద వేటాడాలని వచ్చాం మేము,” అని సంచీ తీసుకుని లోపలికి పోయాడు.

ఇవాళ పొద్దున్న వెండెల్‌కి ఒక మగజింక దొరికింది. ఒడ్డున సముద్రపు నాచు మేస్తోంది. తూటా ఆగడానికి వెనక కొండ ఉంది, మోసే దారి తేలిక. చెయ్యి తీశాను. మాంసం చిన్న పడవలోకి ఎక్కిస్తుంటే తుపాకి చప్పుడు విని ఎలుగు వచ్చేసింది. పేగులు దానికి వదిలేసి వచ్చేశాం. ఒక తొడ ఊళ్ళో ముసలి మత్రోనాకి ఇమ్మన్నాడు వెండెల్. మంచివాడు.

కళ్ళు నలుపుకోకు. అత్త మాట విను.

నీ ఫెక్లా


ఆంకరేజ్,
నవంబరు 10

ప్రియమైన ఫెక్లాకి,

రెండో కన్ను కూడా అయింది. ఇక్కడ ఇంకా కొన్నాళ్ళు ఉండాలి.

ఎలుగు దగ్గర మాంసం కోసం నిలబడనందుకు సంతోషం. ఆరిన్‌కి మోకాలు నొప్పి. చెప్పడు. దిగేటప్పుడు చూడు, ఎడమ కాలు ముందు పెడతాడు. గాలి ఈశాన్యానికి తిరుగుతుందని రేడియోలో విన్నాను. లంగరు గొలుసు ఇంకాస్త వదులు.

రోడ్డు అవతలి ఇంటి కప్పు మీద ఒక బొంతకాకి రోజూ వచ్చి కూచుంటుంది. దాని రెక్కలో ఒకే ఒక తెల్ల ఈక. లుకేరియా చేపలు కూరి కాల్చిన పిరోక్ రొట్టెలో ఉప్పు ఎక్కువైంది. బాగుందని తిన్నాను.

నాన్న


‘వర్వారా’ బోటు,
నవంబరు 14

ప్రియమైన నాన్నకి,

నిన్న జరిగింది చెబుతాను. చదివి నిజం రాయి.

సాయంత్రం నేనూ ఆరిన్ గండి పైన ఆల్డర్ పొదల్లో ఉన్నాం. వెండెల్ సిమియన్ మామతో పడవ దగ్గర ఉండిపోయాడు. అప్పుడు వచ్చింది, నాన్నా. మెడ లావెక్కిన పెద్ద మగజింక. అలాంటి కొమ్ములు ఈ అఖాతంలో నేను చూడలేదు. వచ్చి సరిగ్గా గండి అంచున నిలబడింది. నా చెయ్యి ఆరిన్ భుజం మీద ఉంది.

“తియ్యి,” అన్నాడు గుసగుసగా.

దెబ్బ తగిలితే అది గండిలోకే పడుతుంది. కింద రాళ్ళు, మంచు. వెలుతురు పోతోంది. పడవ దిగేటప్పుడు నువ్వు చెప్పినట్టే ఆయన ఎడమ కాలు ముందు పెట్టాడు. నేను చెయ్యి తియ్యలేదు.

“తియ్యి, అమ్మాయ్. ఇంకెన్నేళ్ళు రాగలను నేను ఇక్కడికి? తియ్యి.”

తియ్యలేదు. అది మా వైపు చూసి, తొందరేమీ లేనట్టు పొదల్లోకి నడిచిపోయింది.

ఆయన తుపాకి దించి అన్నాడు: “మీ నాన్నయితే ఎప్పుడో తీసేవాడు.”

రాత్రి భోజనాలయ్యాక సిమియన్ మామ గిన్నెలు చప్పుడు చెయ్యకుండా కడిగాడు. ఆరిన్ ఇంక రాడు. నలుగురికీ చెబుతాడు. బోటు సంగతి కూడా ఇంక తేలిపోయినట్టే అనిపిస్తోంది.

ఒక్కటే అడుగుతున్నాను. నువ్వయితే తీసేవాడివా?

ఫెక్లా


ఆంకరేజ్,
నవంబరు 17

ప్రియమైన ఫెక్లాకి,

ఉత్తరం అందింది. నేను అక్కడ లేను.

మంచు పడుతోంది. పొడి మేజోళ్ళు వేసుకో.

నాన్న


ఓల్డ్ హార్బర్,
నవంబరు 21

నాన్నకి,

‘ప్రియమైన’ అని రాయలేదు, చూసుకో.

నీ ఉత్తరం సిమియన్ మామకి చూపించాను. “మీ నాన్నకి ఇది పెద్ద ఉత్తరమే,” అన్నాడు. నవ్వు రాలేదు. ఏడ్చాను కూడా, నీ దగ్గర దాచడమెందుకు.

చివరిరోజు ఆరిన్ తనంతట తనే “ఇవాళ ఎక్కలేను, ఒడ్డునే కూచుందాం,” అన్నాడు. కూచున్నాం. నాచు మీదకి ఒక చిన్న మగజింక వచ్చింది. చెప్పుకోదగ్గ కొమ్ములు కావు. భుజం మీద చెయ్యి వేశాను. ఈసారి ఆయన “తియ్యి” అనలేదు. ఊపిరి బిగబట్టి ఆగాడు. జింక పక్కకి తిరిగింది. తీశాను. ఒకే తూటా.

తిరిగి వస్తుంటే ఆయన్ని వెండెల్ ఒక పక్కా నేనొక పక్కా పట్టుకోవలసి వచ్చింది. ఆరిన్ ఆగి గండి వైపు చూశాడు. “ఆ రోజు కాల్చి ఉంటే దాని వెనకే దిగేవాణ్ణి. నా సంగతి నాకు తెలుసు,” అన్నాడు.

“మాకూ తెలుసు. మోసేది మేము కదా,” అన్నాడు వెండెల్.

విమానం ఎక్కేముందు ఆరిన్ చెయ్యి కలిపి, “వచ్చే నవంబరుకి మా పేర్లు రాసుకో, కెప్టెన్,” అన్నాడు.

“నాన్న కూడా వస్తే?”

“పాన్‌కేకులు వెయ్యమను.”

నీకు ఇది ఎంత ఆనందంగా రాయాలనుకున్నానో. కానీ ఇంటికి వచ్చి నీ ఉత్తరాలు పక్కపక్కన పెట్టి చూశాను. మొదటిదాంట్లో అక్షరాలు చిక్కుడుగింజలంత. రెండోదాంట్లో చేపముళ్ళంత, ఎప్పటిలాగే. రోడ్డు అవతల కాకి రెక్కలో ఒక్క తెల్ల ఈక కనబడిన మనిషివి, పదో తారీకు నుంచే చూస్తున్నావు. విమానాలు తిరుగుతూనే ఉన్నాయి. ఎందుకు రాలేదు? నేనక్కడ ఒక్కదాన్నీ నలిగిపోతుంటే ఎందుకు రాలేదు? బోటు అమ్మేశావా? అందుకే మొహం చూపించలేక అక్కడే కూచున్నావా?

ఫెక్లా


ఆంకరేజ్,
నవంబరు 24

ప్రియమైన ఫెక్లాకి,

నువ్వన్నది నిజం. చూపు బాగుంది. డాక్టరు పన్నెండో తారీకునే వెళ్ళమన్నాడు. సంచీ సర్దుకుని, బూట్లు కూడా వేసుకున్నాను. మళ్ళీ విప్పేశాను. మీ అత్త పిచ్చెక్కిందా అని అడిగింది.

నేను బోటులో కాలు పెడితే ఆరిన్ నా వైపు తిరుగుతాడు. అది సరే. నువ్వూ నా వైపు తిరుగుతావు.

నీ మొదటి జింక గుర్తుందా? చిన్నపిల్లవి. నీ భుజం మీద చెయ్యి వేసి చాలాసేపు తియ్యలేదు. నువ్వు వణుకుతున్నావని తర్వాత సిమియన్‌తో చెప్పాను. వణికింది నువ్వు కాదు, నా చెయ్యి. చివరికి ఆ రోజు తీశాననే అనుకున్నాను. తియ్యలేదు. తర్వాత కూడా నువ్వు లంగరు వేస్తుంటే పక్కనే చూస్తూ నిలబడేవాణ్ణి. అదీ చెయ్యే.

నేనయితే తీసేవాణ్ణా అని అడిగావు. ఇప్పుడు కూడా చెప్పను. చెబితే ఇకమీదట వేటగాళ్ళ భుజాల మీద ఉండేది నా చెయ్యి అవుతుంది.

గండి సంగతి రాసిన నీ ఉత్తరం చదివిన పూటే మూల కొట్టుకి వెళ్ళి ఆ వ్యాపారికి ఫోన్ చేశాను. అమ్మాలో వద్దో మా కెప్టెన్‌ని అడగాలి అన్నాను. ఆయనెవరు అన్నాడు. ఆయన కాదు, మా అమ్మాయి అన్నాను. ఆ అమ్మాయి ఏమంటుంది అన్నాడు. ఒప్పుకోదు అన్నాను. ఆ మాట నీకు రాయడానికి కూచుంటే చేతికి రాలేదు. మేజోళ్ళ సంగతి రాశాను.

గురువారం విమానంలో వస్తున్నాను. సిమియన్‌ని ఆవిరి స్నానానికి బాన్యా గది వేడి చేసి ఉంచమను. బోటు ముందు గదిలో నా మంచం నువ్వు తీసుకో. వంటగది పక్కది నాకు చాలు.

పెనం పాతదే కదా? దానికి ఒక మూల ఎక్కువ కాలుతుంది. తిప్పుతూ వెయ్యాలి. నాకు వచ్చు.

నీ నాన్న,
మకారి